రూపాయి బిళ్ల పుట్టుపూర్వోత్తరాలు

నిజామాబాదు నుంచి బాసరకు పోయే దారిలో నవీపేట్ తగులుతుంది. ప్రతి శనివారం ఇక్కడ మేకల సంత సాగుతుంది. చుట్టుపక్కల మండలాల నుంచే కాదు, సరిహద్దు దాటి మహారాష్ట్ర నుంచి కూడా బేరగాళ్లు దిగుతారు. మేకకూ గొర్రెకూ చేతులు మారేవి పెద్ద నోట్లు, ఫోన్ చెల్లింపులు. సంత చుట్టూ అల్లుకున్న చిన్న వ్యాపారానికి మాత్రం ఇంకా చిల్లర కావాలి. చాయ్, బీడీ కట్ట, కొత్తిమీర కట్ట, పక్క ఊరిదాకా ఆటో ప్రయాణం... వీటి లెక్క తేల్చడానికి బిళ్లలే దిక్కు.

అలాంటి చిల్లర డబ్బాను బల్ల మీద కుమ్మరించి రూపాయి బిళ్లలను మాత్రం ఏరితే, ఒకే విలువకు అయిదు ముఖాలు కనిపిస్తాయి. 1992లో మొదలైన స్టీలు రూపాయి మీద అంకెకు రెండు పక్కలా ధాన్యపు కంకులు ఉంటాయి. 2004 తర్వాత వచ్చినదాని మీద నిలువు గీతలు, అడ్డ గీతలు ఒకదాన్నొకటి కోసుకునే బొమ్మ ఉంటుంది. దాన్ని భిన్నత్వంలో ఏకత్వానికి గుర్తుగా గీశారు. 2007 నాటిదాని మీద బొటనవేలు పైకెత్తిన చేతిముద్ర. 2011 నుంచి రూపాయి చిహ్నంతో బిళ్ల చిన్నదైంది. 2019 వరుసలో పంట గింజల బొమ్మ వచ్చింది. ఈ అయిదూ చెల్లుతాయి. అయిదింటితోనూ రూపాయి సరుకే వస్తుంది.

అయితే నాణేలు పోగుచేసేవారి దృష్టిలో ఈ అయిదూ ఒకటి కావు. ఒక్కో రకంలోనూ పుట్టిన ఊరు వేరు, లోహం వేరు, అరుగుదల వేరు. చేతిలోని బిళ్ల ఏమిటో, ఎక్కడ అచ్చయిందో, ఎంత చేస్తుందో తేల్చడానికి పద్ధతి ఉంది. దానికి పెద్ద ప్రయోగశాల అవసరం లేదు. మంచి వెలుతురు, ఒక భూతద్దం, చిన్న అయస్కాంతం, గ్రాములో వందో వంతు చూపే చిన్న తూకం ఉంటే చాలు.

కొలత మారకుండానే విలువ మారింది

మొదట చూడవలసింది సైజు, బరువు. 1988లో వచ్చిన స్టీలు అర్ధరూపాయి, అంటే నిజామాబాదు ప్రాంతంలో అందరూ ఆఠాణా అనేది, 22 మిల్లీమీటర్ల వెడల్పు, 3.79 గ్రాముల బరువు. 2011 రూపాయిని పక్కన పెట్టి చూడండి. అదీ దాదాపు 22 మిల్లీమీటర్లే, 3.79 గ్రాములే. ఇక 1992 స్టీలు రూపాయి 25 మిల్లీమీటర్లు, 4.85 గ్రాములు. 2011 నాటి రెండు రూపాయల బిళ్ల కూడా కచ్చితంగా అంతే.

అంటే నిన్నటి ఆఠాణా దేహం నేటి రూపాయికి, నిన్నటి రూపాయి దేహం నేటి రెండు రూపాయలకు దక్కింది. సంతలో పాత రూపాయిని రెండు రూపాయలనుకుని, రెండు రూపాయలను రూపాయనుకుని తికమక పడటానికి కారణం ఇదే. తడిమి చూసి లెక్కపెట్టుకునే చూపులేనివారికి ఈ తికమక మరీ కష్టం. ఆ ఇబ్బందిని దృష్టిలో పెట్టుకుని 2019లో కొత్త వరుసను రూపొందించారు. ఆ వరుసలోనే మొదటిసారి వచ్చిన ఇరవై రూపాయల నాణేనికి గుండ్రటి అంచు బదులు పన్నెండు భుజాలు పెట్టారు.

నాణెం ఇలా కుంచించుకుపోవడం వెనుక కారణం లోహం ధర. సమాచార హక్కు చట్టం కింద 2018లో బయటికొచ్చిన లెక్కల ప్రకారం ఒక రూపాయి బిళ్ల తయారీకి 1 రూపాయి 11 పైసలు అయింది. చారాణా కోడికి బారాణా మసాలా అనే సామెత ఇక్కడ అక్షరాలా సరిపోయేట్టు కనిపిస్తుంది. కానీ నోటుతో పోల్చి చూడాలి. చిన్న నోటు చేతులు మారి కొద్ది కాలానికే నలిగి చినిగిపోతుంది. స్టీలు బిళ్ల రెండు మూడు దశాబ్దాలు తిరుగుతుంది. ఒకసారి పెట్టిన ఖర్చు అన్నేళ్ల వాడకం మీద పంచుకుపోతుంది.

ఏడాది కింద ఉన్న ఊరి పేరు

బిళ్ల మీద అచ్చయిన ఏడాదిని చూడని వారుండరు. ఆ ఏడాది కింద ఉన్న చిన్న గుర్తును మాత్రం చాలామంది గమనించరు. అది టంకశాల గుర్తు. మన దేశంలో ప్రభుత్వ టంకశాలలు నాలుగు. ఏడాది కింద డైమండ్ ఆకారం ఉంటే ముంబయి. గుండ్రటి చుక్క ఉంటే నోయిడా. అయిదు కోణాల నక్షత్రం ఉంటే హైదరాబాదు. ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా. హైదరాబాదు నాణేల్లో కొన్ని పాతవాటి మీద నక్షత్రానికి బదులు నడుమ చుక్క ఉన్న డైమండ్ కనిపిస్తుంది. భూతద్దం లేకుండా చూస్తే దాన్ని ముంబయి ఖాతాలో వేసే ప్రమాదం ఉంది.

తెలుగు పాఠకులకు ఆ నక్షత్రం సొంత ఊరి గుర్తు. 1803లో మూడో నిజాం సికందర్ జా కాలంలో హైదరాబాదు పాతబస్తీలోని సుల్తాన్‌షాహీలో ఈ టంకశాల మొదలైంది. 1895లో ఐరోపా తరహా యంత్రాలు వచ్చాయి. 1903లో సైఫాబాదులోని విశాలమైన భవనాలకు మారింది. ఆ చుట్టుపక్కల ప్రాంతాన్ని హైదరాబాదీలు ఇప్పటికీ మింట్ కాంపౌండ్ అనే అంటారు. 1950లో భారత ప్రభుత్వం దీన్ని తన చేతిలోకి తీసుకుంది. 1997లో పని చర్లపల్లికి తరలింది. సైఫాబాదు పాత భవనంలో 2022 జూన్‌లో మ్యూజియం తెరిచారు. 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము విడుదల చేసిన ఎన్.టి. రామారావు శతజయంతి వంద రూపాయల నాణెం కూడా హైదరాబాదు టంకశాల తయారుచేసిందే. 44 మిల్లీమీటర్ల ఆ నాణెంలో సగం వెండి, 40 శాతం రాగి, తక్కింది నికెల్, జింకు. అది సంతలో ఖర్చుపెట్టుకోవడానికి కాదు, దాచుకునేవారి కోసం ప్రభుత్వం అమ్మిన నాణెం.

నక్షత్రం కనిపించినంత మాత్రాన హైదరాబాదే అనుకోవడానికీ లేదు. 1980ల నడుమ దేశంలో చిల్లరకు తీవ్రమైన కొరత వచ్చింది. నాణేల తయారీని కొంత విదేశాలకు అప్పగించారు. 1985 నాటి ఆఠాణాల్లో కొన్ని దక్షిణ కొరియా టంకశాల నుంచి వచ్చాయి. ఆ టంకశాల గుర్తు కూడా నక్షత్రమే! కాకపోతే హైదరాబాదు నక్షత్రం ఏడాది అంకెల నడుమ భాగం కింద ఉంటుంది. కొరియా నక్షత్రం ఏడాదిలో ఒక చివర అంకె కిందికి జరిగి ఉంటుంది. అదే ఏడాది రూపాయి బిళ్లల్లో ఇంగ్లీషు అక్షరం హెచ్ ఉన్నవి ఇంగ్లండులోని బర్మింగ్‌హాంలో, హీటన్ కంపెనీ కార్ఖానాలో తయారైనవి. సి అక్షరం కెనడాలోని ఒట్టావా టంకశాల గుర్తు. 1990ల చివర మళ్లీ కొరత వచ్చినప్పుడు స్లొవేకియాలోని క్రెమ్నిట్సా నుంచి, రష్యాలోని మాస్కో నుంచి కూడా బిళ్లలు దిగుమతి అయ్యాయి. క్రెమ్నిట్సా రూపాయి మీద చిన్న వలయంలో ఎంకె అక్షరాలు, మాస్కో అయిదు రూపాయల మీద ఎంఎండి అక్షరాలు ఉంటాయి.

నవీపేట్ చాయ్ కొట్టు గల్లాలో స్లొవేకియా రూపాయి దొరకడం వింతేమీ కాదు. విదేశంలో తయారైంది కదా అని అది వేలకు వేలు పలకదు కూడా. వీటిలో చాలా రకాలు పెద్ద సంఖ్యలోనే దిగాయి. అరిగిన బిళ్లకు వచ్చే ధర స్వల్పమే.

అయస్కాంతం ఇచ్చే సాక్ష్యం

తర్వాతి పరీక్ష లోహానిది. 1992 తర్వాతి రూపాయి బిళ్లకు అయస్కాంతం టక్కున అంటుకుంటుంది. అది ఫెర్రిటిక్ రకం స్టెయిన్‌లెస్ స్టీలు. దానిలో 83 శాతం ఇనుము, 17 శాతం క్రోమియం. క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి కంటికి కనిపించనంత పలుచని పొరగా ఏర్పడి తుప్పును ఆపుతుంది. అందుకే పుష్కరాల రేవుల్లో నెలలపాటు నీళ్లలో నానిన బిళ్ల కూడా కడిగితే మళ్లీ తెల్లగా కనిపిస్తుంది.

1991కి ముందరి రూపాయికి చాలావరకు అయస్కాంతం అంటదు. అది మూడు పాళ్లు రాగి, ఒక పాలు నికెల్ కలిసిన కుప్రోనికెల్. నికెల్ ఒక్కటే ఉంటే అయస్కాంతానికి లొంగుతుంది. ఇంత రాగి కలిస్తే మాత్రం గది ఉష్ణోగ్రతలో ఆ గుణం పోతుంది. 1947 నాటి, పులి బొమ్మ ఉన్న రూపాయి స్వచ్ఛమైన నికెల్‌తో చేసింది. దానికి అయస్కాంతం అంటుకుంటుంది. కాబట్టి అంటుకుంటే నకిలీ, అంటుకోకపోతే అసలు అనే సూత్రం చెల్లదు. ఏ ఏడాది నాణేనికి ఏ లోహం ఉండాలో తెలిసి, ఆ లెక్కకు అయస్కాంతం ఒప్పుకుంటోందో లేదో చూడాలి.

లోహం విలువ ముద్రించిన విలువను దాటితే ఏమవుతుందో చెప్పడానికి పాత అయిదు రూపాయల బిళ్ల మంచి ఉదాహరణ. 1992లో చలామణిలోకి వచ్చిన ఆ మందపాటి బిళ్ల బరువు 9 గ్రాములు. అందులో రాగి 6.75 గ్రాములు, నికెల్ 2.25 గ్రాములు. 2007 మే నెలలో ప్రపంచ విపణిలో నికెల్ ధర టన్నుకు 50 వేల డాలర్లు దాటింది. డాలరుకు 40 రూపాయల చొప్పున లెక్క వేసినా ఆ బిళ్లలోని నికెల్ ఒక్కటే నాలుగున్నర రూపాయలు చేసింది. టన్నుకు సుమారు 8 వేల డాలర్ల ధరతో రాగిని కూడా కలిపితే మొత్తం ఆరున్నర రూపాయలు మించింది. అయిదు రూపాయల బిళ్లను కరిగిస్తే ఆరున్నర రూపాయల లోహం! అలాంటి బిళ్ల చలామణిలో నిలవదు. దొంగదారిన బంగ్లాదేశ్‌కు పోయి షేవింగ్ బ్లేడ్లుగా మారుతున్నట్టు ఆ రోజుల్లో పత్రికలు రాశాయి. అదే దశాబ్దంలో ప్రభుత్వం అయిదు రూపాయల నాణేన్ని 6 గ్రాముల స్టీలుకు, ఆ తర్వాత నికెల్ ఇత్తడికి మార్చింది. నాణేలను కరిగించడం 2011 నాణేల చట్టం కింద నేరం; ఏడేళ్ల దాకా జైలు శిక్ష పడవచ్చు.

హాలీ సిక్కా, కల్దార్

నిజామాబాదు, బోధన్ ప్రాంతాల పాత ఇళ్లలో పెట్టె అడుగున దొరికే నాణేలు వేరు. 1937లో బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ మొదలైన కాలానికి ఈ నేల మీద రాజ్యపు నాణెం హాలీ సిక్కా. ఒక పక్క చార్మినార్, ఇంకో పక్క ఫారసీ అక్షరాలు. ఫర్ఖుందా బునియాద్ అనే బిరుదు ఉన్న హైదరాబాదులో ముద్రితం అని ఆ అక్షరాల సారాంశం. బ్రిటిష్ ఇండియా రూపాయిని ఇక్కడివాళ్లు కల్దార్ అనేవారు.

హాలీ సిక్కాను గుర్తించడానికి చార్మినార్ బొమ్మలోని ద్వారం చూడాలి. అందులో ఒక్క అక్షరం ఉంటుంది. మీమ్ ఉంటే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలం. ఐన్ ఉంటే 1911లో గద్దెనెక్కిన ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలం. ఏడాది హిజ్రీ లెక్కలో ఉంటుంది. హిజ్రీ సంవత్సరాన్ని 0.97తో గుణించి 622 కలిపితే మన క్యాలెండరు ఏడాది సుమారుగా వస్తుంది. 1330 హిజ్రీ అంటే 1912 అన్నమాట.

ఈ రెండు రూపాయల మారకంలో ఒక అందమైన లెక్క ఉంది. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్ రూపాయలు. ఆ నిష్పత్తి ఎవరో ఊరికే పెట్టింది కాదని తూకం వేస్తే తెలుస్తుంది. హాలీ రూపాయి బరువు 11.18 గ్రాములు, అందులో వెండి 81.8 శాతం, అంటే శుద్ధ వెండి సుమారు 9.14 గ్రాములు. కల్దార్ బరువు 11.66 గ్రాములు, వెండి 91.7 శాతం; అంటే సుమారు 10.69 గ్రాములు. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే 1.17 వస్తుంది. ఏడును ఆరుతో భాగించినా 1.17 వస్తుంది. బజారులో నడిచిన మారకం వెండి బరువుకు అంత దగ్గరగా నిలిచింది. 1940లో బ్రిటిష్ ప్రభుత్వం కల్దార్‌లో వెండిని సగానికి తగ్గించింది. యుద్ధ కాలంలో హైదరాబాదు రూపాయిలోనూ వెండి తగ్గింది. అందుకే వెండి రూపాయి అమ్మబోయేవారు ముందు ఏడాది చదవాలి. చూడటానికి ఒకేలా ఉన్న రెండు బిళ్లల్లో ఒకదానిలో పది గ్రాముల పైన వెండి ఉంటే, ఇంకోదానిలో ఆరు గ్రాములు కూడా ఉండదు.

అసలు వెండో కాదో తేల్చడానికి ఆర్కిమిడీస్ పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది. నీళ్ల గ్లాసును తూకం మీద పెట్టి సున్నా చేయాలి. నాణేన్ని సన్నని దారానికి కట్టి, అడుగును గానీ గోడలను గానీ తాకకుండా నీళ్లలో వేలాడదీయాలి. అప్పుడు తూకం చూపే అంకె నాణెం తొలగించిన నీటి బరువు. నాణెం బరువును దానితో భాగిస్తే సాంద్రత వస్తుంది. 81.8 శాతం వెండి, తక్కింది రాగి ఉన్న హాలీ రూపాయికి అది 10.2 సమీపంలో ఉండాలి, తూకం 1.10 గ్రాములు చూపాలి. కుప్రోనికెల్‌తో చేసిన నకిలీ అయితే అంతే బరువుకు 1.25 గ్రాములు చూపుతుంది. తేడా 0.15 గ్రాములే అయినా మంచి తూకం దాన్ని పట్టుకుంటుంది. నాణేనికి గీత కూడా పడదు.

ధర ఎక్కడ పుడుతుంది?

పాతది కాబట్టి ఖరీదైనది అన్న నమ్మకం చాలా బలంగా ఉంది. దాన్ని విక్టోరియా రాణి బొమ్మ ఉన్న 1862 రూపాయి ఒక్కటే పటాపంచలు చేస్తుంది. నూట అరవై ఏళ్లు దాటిన ఆ నాణెం నేటికీ విరివిగా దొరుకుతుంది. 1862 నుంచి 1874 దాకా వరుసగా తయారుచేసిన రూపాయలన్నిటి మీదా అదే ఏడాది ముద్రించారు. అందుకని సాధారణ స్థితిలో ఉన్న 1862 రూపాయి వెండి ధరకు కొంచెం పైన పలుకుతుంది, అంతే. మరోవైపు ఆరో జార్జి బొమ్మ ఉన్న 1939 రూపాయి వయసులో దానికన్నా చాలా చిన్నది. బయట దొరికేది మాత్రం బహు తక్కువ, ధర ఎక్కువ. అందుకే అంకె దిద్దిన నకిలీలు వస్తాయి. 1940 నాణెం చివరి అంకెలు మార్చి 1939గా చూపితే అంచు పట్టిస్తుంది. 1940 నుంచి అంచు మీద మామూలు గీతలకు బదులు నడుమ గాడి ఉన్న భద్రతా అంచు వచ్చింది.

ధరను నిర్ణయించేవి మూడు. ఎన్ని మిగిలాయి, ఏ స్థితిలో ఉంది, ఎంతమందికి కావాలి. ఇందులో రెండోది ఇంట్లోవారి చేతిలో ఉంటుంది.

బిళ్ల తయారీ గరిజెల అచ్చులాంటిదే. పైన ఒక అచ్చు, కింద ఒక అచ్చు, నడుమ వట్టి లోహపు బిళ్ల. చుట్టూ ఉక్కు వలయం పట్టుకోగా ఒక్క దెబ్బ పడుతుంది. ఆ దెబ్బకు లోహం అచ్చు సందుల్లోకి పారుతుంది. అలా పారిన సన్నని చారల వల్లనే కొత్త నాణెం వెలుగులో తిప్పినప్పుడు తళుకు చక్రంలా తిరుగుతుంది. చేతులు మారేకొద్దీ ముందు పోయేది ఆ తళుకు. ఆ తర్వాత సింహాల జూలు, కంకుల గింజలు వంటి ఎత్తయిన చోట్లు అరుగుతాయి. అరుగుదలకు అంకెలు ఇచ్చే పద్ధతిని 1949లో అమెరికాకు చెందిన విలియం షెల్డన్ ప్రతిపాదించాడు. ఒకటి నుంచి డెబ్బై దాకా ఉన్న ఆ కొలబద్దనే నేడు ప్రపంచమంతటా వాడుతున్నారు. అరవై, ఆపైన ఉన్నది చలామణిలో తిరగని నాణెం. సంత చిల్లరలో దొరికేది సాధారణంగా ముప్పై, నలభై దాటదు.

చింతపండు, నిమ్మకాయ, పళ్లపొడి పెట్టి నాణేలను తోమడం మన ఇళ్లలో అలవాటు. పూజ పళ్లేనికి మంచిదే గాని నాణేనికి నష్టం. రాగి, కంచు నాణేల మీద ఏళ్ల తరబడి కట్టిన గోధుమరంగు పొర దాని వయసుకు సాక్ష్యం, లోహానికి రక్షణ కూడా. తోమితే ఆ పొర పోతుంది, తళుకు చారలు పోతాయి, గీతలు మిగులుతాయి. కొనేవాడు మొదటి చూపులోనే పసిగట్టి ధర తగ్గిస్తాడు. మట్టి ఉంటే స్వేదనజలంలో నానబెట్టి, రుద్దకుండా మెత్తటి గుడ్డతో అద్ది తుడిస్తే చాలు. పీవీసీ ప్లాస్టిక్ కవర్లలో పెట్టకూడదు. ఆ ప్లాస్టిక్ క్షీణించేకొద్దీ వచ్చే ఆమ్లం రాగి నాణేల మీద పచ్చటి జిగురు పొర తెస్తుంది.

నిత్యం తిరిగే బిళ్లల్లో నిజంగా ముఖ విలువను దాటగలిగేవి తయారీలో పొరపాట్లు జరిగినవి. దెబ్బ ఓరగా పడి బొమ్మ సగమే వచ్చినవి, రెండు దెబ్బలు పడినవి, ముందు నాణెం అచ్చుకు అతుక్కుపోవడం వల్ల తర్వాతి నాణెం మీద అదే బొమ్మ గుంటగా, తిరగబడి వచ్చినవి. చివరిదాన్ని వ్యాపారులు లఖీ అంటారు. మన నాణేల్లో ముందు బొమ్మా వెనుక బొమ్మా రెండూ ఒకే దిక్కున నిటారుగా ఉండాలి. నాణేన్ని పైనా కిందా పట్టుకుని పక్కకు తిప్పితే వెనుక బొమ్మ పక్కకు పడిపోయి కనిపిస్తే అచ్చు తిరిగిందని అర్థం. కానీ సుత్తితో కొట్టి, గీకి, రెండు సగాలు అతికించి పొరపాటు నాణేలుగా అమ్మేవారూ ఉన్నారు. టంకశాలలో జరిగిన పొరపాటులో లోహం సాఫీగా పారినట్టు ఉంటుంది. బయట జరిగిన మోసంలో అక్షరాలు నలిగి, అంచు చితికి ఉంటుంది. బరువు ఇక్కడ కూడా నమ్మదగిన సాక్షి.

బొమ్మ ఒకటి, ధర ఒకటి

వైష్ణోదేవి బొమ్మ ఉన్న అయిదు రూపాయల బిళ్లకు లక్షలు, పది లక్షలు ఇస్తామంటూ ఫోన్లలో తిరిగే ప్రకటనలు ఎన్నో కుటుంబాలకు చేరాయి. వైష్ణోదేవి ఆలయ బోర్డు రజతోత్సవం సందర్భంగా 2012 ఏడాదితో వచ్చిన ఆ అయిదు, పది రూపాయల నాణేలు చలామణి కోసం తయారైన మామూలు నాణేలు. ఈ మోసం నడిచే తీరు ఒకటే. ముందు నాణెం ఫొటో అడుగుతారు. తర్వాత ఊహించని మొత్తం ఖాయం చేస్తారు. ఆ తర్వాత రిజిస్ట్రేషన్ రుసుమనో, పన్ననో, కమిషననో మన దగ్గరే డబ్బు వసూలు చేస్తారు. రిజర్వు బ్యాంకు పేరును కూడా వాడుకోవడంతో 2021 ఆగస్టు 4న ఆ బ్యాంకే ప్రజలను హెచ్చరించింది. పాత నోట్లు, నాణేల అమ్మకాలతో తనకు ఏ సంబంధమూ లేదని, ఎలాంటి రుసుమూ అడగదని చెప్పింది.

నిజమైన కొనుగోలుదారు నాణేన్ని చేతిలోకి తీసుకుని చూస్తాడు, తూచుతాడు, తన డబ్బు తాను ఇస్తాడు. అమ్మేవాడి నుంచి ముందుగా పైసా అడగడు. ఈ ఒక్క గుర్తు పెట్టుకుంటే మోసాల్లో చాలావరకు తప్పించుకోవచ్చు.

అబద్ధపు విలువ కట్టడం ఒక తప్పయితే, ఉన్న విలువను లేదనడం ఇంకో తప్పు. తెలుగు రాష్ట్రాల్లో పది రూపాయల బిళ్లకు పట్టిన గతి అదే. రెండు లోహాల ఆ బిళ్ల 2009లో చలామణిలోకి వచ్చింది. 2011లో రూపాయి చిహ్నం చేరింది. చిహ్నం లేనిది నకిలీ అని ఒకరు, పది గీతలున్నదే అసలు, పదిహేను గీతలున్నది చెల్లదు అని ఇంకొకరు ప్రచారం చేశారు. కిరాణా కొట్లలో, ఆటోల్లో తీసుకోవడం మానేశారు. 2018 జనవరి 17న రిజర్వు బ్యాంకు వివరంగా ప్రకటించింది: అప్పటిదాకా పద్నాలుగు రకాల పది రూపాయల నాణేలు వచ్చాయి, అన్నీ చెల్లుతాయి. వేర్వేరు సందర్భాల్లో వేర్వేరు బొమ్మలు పెట్టడం వల్లనే ఇన్ని రకాలు. సందేహం ఉన్నవారి కోసం 14440 అనే ఉచిత నంబరునూ పెట్టింది.

చట్టంలో మాట స్పష్టంగా ఉంది. రూపాయి, అంతకు పైబడిన నాణేలు వెయ్యి రూపాయల మొత్తం దాకా చట్టబద్ధంగా చెల్లుతాయి. ఆఠాణా పది రూపాయల దాకా చెల్లుతుంది. చారాణా, అంతకు తక్కువ బిళ్లలను మాత్రం 2011 జూన్ 30 నుంచి చలామణి నుంచి తీసేశారు.

దున్నేటప్పుడు దొరికితే

ధర లేని నాణేనికి కూడా విలువ ఉండవచ్చని గోదావరి తీరమే నిరూపించింది. జగిత్యాల జిల్లా కోటిలింగాల దగ్గర దొరికిన సీసపు, రాగి నాణేలు ఆ రోజుల్లో మామూలు చిల్లర. వాటి మీద గోభద, సమగోప అనే పాలకుల పేర్లు చదవగలిగారు. అంతవరకు పురాణాల జాబితాల్లోనే వినిపించిన శాతవాహన రాజు సిముకుని పేరు కూడా వాటి మీద కనిపించింది. పరబ్రహ్మశాస్త్రి వంటి పండితులు వాటిని పరిశీలించి వెలుగులోకి తెచ్చారు. ఆ నాణేలు చరిత్రకు అక్కరకు వచ్చింది వాటి లోహం వల్ల కాదు. అవి ఎక్కడ దొరికాయో తెలియడం వల్ల.

అందుకే చెరకు తోటలోనో పసుపు మడిలోనో నాగలికి నాణేల కుండ తగిలితే దాన్ని విప్పి పంచుకోకూడదు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం నేలలో దొరికిన నిధి విలువ పది రూపాయలు మించితే జిల్లా కలెక్టరుకు తెలియజేయాలి. వందేళ్లు దాటిన నాణేలను దేశం దాటించడం 1972 పురావస్తు చట్టం కింద నిషిద్ధం. తాతల పెట్టెలోని హాలీ సిక్కాను ఇంట్లో ఉంచుకోవడానికి మాత్రం ఏ అభ్యంతరమూ లేదు. అది ఎవరి దగ్గర నుంచి వచ్చిందో, ఏ ఊరిదో ఒక కాగితం మీద రాసి దానితోపాటే ఉంచితే తర్వాతి తరానికి ఆ కాగితం నాణెమంత పనికొస్తుంది.

మిగతా బిళ్లల విషయంలో పాఠకులు చేయవలసింది సులువు. ఏడాది చదవండి, దాని కింది గుర్తు చూడండి, అయస్కాంతం పెట్టండి, తూచండి, తోమకండి. అమ్మిపెడతామని ముందుగా డబ్బు అడిగేవారికి ఒక్క పైసా పంపకండి. ఎవరైనా పది రూపాయల బిళ్ల ఇస్తే తీసుకోండి. అది పది రూపాయలు చేస్తుంది.